కుర్చీ దిగేముందు అప్పగించాల్సినవి

ప్రశ్న: 14 ఏళ్లుగా ఓ స్వచ్ఛంద సంఘానికి అధ్యక్షురాలిని. తప్పుకుంటానన్న ప్రతిసారీ ‘మీరు లేకపోతే ఎలా’ అని ఆపేస్తున్నారు. ఈసారి దిగిపోవాలనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తేదీతో. ‘త్వరలో’ అంటే ఎవరూ పట్టించుకోరు. ఆరు నెలల తర్వాత ఫలానా రోజున అని కార్యవర్గంలో చెప్పి, మినిట్స్‌లో (సమావేశాల నమోదు పుస్తకంలో) రాయించండి. ముందు కార్యవర్గం, తర్వాత సిబ్బంది, ఆ తర్వాతే సభ్యులు. ఈ వరస తప్పితే మీకంటే ముందే పుకారు చేరిపోతుంది.

ఆపైన ఒక నెలపాటు, మీ దగ్గరికే వచ్చే పనుల్ని వచ్చినవి వచ్చినట్టు రాసుకోండి. పదవి బాధ్యతలు బైలాలో, అంటే సంఘం నియమావళిలో, ఎలాగూ ఉంటాయి. చిక్కంతా అందులో లేనివాటితోనే: ఏ దాతను ఎప్పుడు అడగాలి, ఏ ఇద్దర్ని ఒకే కమిటీలో వేయకూడదు, ఎవరికి నోటిమాటగా ఏం ఒప్పుకున్నారు. ఈ చివరిది మరీ ముఖ్యం. మీరు దిగిన మూడో నెలలో ఎవరో వచ్చి ‘మేడం ఒప్పుకున్నారు’ అంటే, అవునో కాదో తేల్చుకోవడానికి కొత్తవారి దగ్గర ఏమీ ఉండదు.

బ్యాంకులో కొత్త సంతకం చేర్చినా, పాతది తీయించడం మరిచిపోతుంటారు. రెండూ ఒకే తీర్మానంలో పెట్టండి. డొమైన్ (సంఘం వెబ్‌సైట్ చిరునామా) మీ పేరున ఉన్నా, సంఘం ఈమెయిల్ ఓటీపీ మీ సొంత ఫోనుకొస్తున్నా మొదటి నెలలోనే మార్పించండి. లేదంటే పదవి పోయినా ఓటీపీ చెప్పే ఉద్యోగం మిగులుతుంది!

చివరి రెండు నెలలు సమావేశాలు కొత్తవారే నడపాలి. సభ్యులు అలవాటుకొద్దీ మీవైపే చూసి మాట్లాడతారు. మీరు అజెండా కాగితం వైపు చూడండి.

వారసుల పేరు మీరే చెప్పాలనేమీ లేదు. నిర్ణయాలు ఎలా తీసుకోవాలో తేలితే చాలు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2018 జులైలో నాయకత్వం వదులుకున్నప్పుడు వారసుణ్ని ప్రకటించలేదు. పద్ధతిని మీరే తేల్చుకోండని ఆ భాషను నిర్వహించే డెవలపర్లతో అన్నారు. వాళ్లు కొన్ని ప్రతిపాదనలు రాసుకుని, ఓటేసి, ఐదుగురి మండలిని ఎంచుకున్నారు. మొదటి మండలిలో ఆయనా ఒకరు. తర్వాతి ఎన్నిక నుంచి తప్పుకున్నారు. మీ పనుల జాబితా చూశాక అది ఒక్కరి పని కాదని మీకూ అనిపిస్తే, ఇద్దరు ముగ్గురికి పంచేయండి.

ప్రశ్న: గౌరవాధ్యక్షురాలిగా ఉండమంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: కనీసం ఏడాది వద్దు. ఆ హోదాకు ఓటు లేకపోయినా, కొత్త నిర్ణయం నచ్చనివాళ్లంతా నేరుగా మీ దగ్గరికే వస్తారు. ఫోన్ చేసి గతంలో ఏం జరిగిందని అడిగితే చెప్పండి. ఇప్పుడేం చేయాలని అడిగితే కొత్త అధ్యక్షుల నంబరివ్వండి. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ హోదా వదిలేసి, కొన్నాళ్లు గ్రూపు నుంచే బయటికి రండి. ఖాళీగా ఉన్నారని తెలియగానే వేరే సంఘాలవాళ్లు పదవులతో వస్తారు. మూడు నెలలు దేనికీ ఊ అనకండి.