ముద్ర వేయని టికెట్

అమ్మాయీ,

చెక్ దేశ రాజధాని చూసొచ్చి నువ్వు రాసిన వ్యాసం ‘ప్రాగ్‌లో ఒక రోజు’ అందింది. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి భోజనమయ్యాక ఒకసారి చదివాను. మొహమాటపడకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను, మొదటి మూడు పేజీలు తీసేయొచ్చు.

కోపం తెచ్చుకోకు. వాటిలో తప్పులేమీ లేవు. చార్లెస్ వంతెనకు 1357లో పునాది వేశారు, దాని మీద 30 విగ్రహాలున్నాయి, పాత పట్టణంలోని ఖగోళ గడియారం 1410 నాటిది. అన్నీ నిజమే. కానీ ఇవి రాయడానికి నువ్వు అంత దూరం వెళ్లక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వెతికినా దొరుకుతాయి. వెళ్లినందువల్ల మాత్రమే నీకు తెలిసిన సంగతి నాలుగో పేజీలో ఉంది. అదీ ఒక్క వాక్యం: “టికెట్ మీద ముద్ర వేసుకోవాలని తెలియక ట్రామ్‌లో కాస్త టెన్షన్ పడ్డాం.” ఆ వెంటనే కోట దగ్గర దిగిపోయి మళ్లీ సంవత్సరాలు మొదలుపెట్టావు.

నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. నాకూ అదే జరిగింది మరి. మొదటిసారి వెళ్లినప్పుడు టికెట్ కొని, జేబులో భద్రంగా పెట్టుకుని, కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నాను. మన బస్సుల్లో కండక్టరే మన దగ్గరికి వస్తాడు కదా! అక్కడ కండక్టరుండడు, గేటుండదు, ఎక్కేటప్పుడు డ్రైవర్ టికెట్ అడగడు. ట్రామ్‌లో ఒక పసుపు రంగు పెట్టె ఉంటుంది. టికెట్‌ను అందులో దూరిస్తే తేదీ, టైము పడతాయి. టికెట్ అప్పటినుంచే చెల్లుతుంది. రోజంతటి టికెట్ అయితే 24 గంటలపాటు ట్రామ్, మెట్రో, బస్సు దేనికైనా అదే. ముద్ర పడకపోతే డబ్బు పెట్టి కొన్నదైనా ఉత్త కాగితమే. మామూలు బట్టల్లో ఉన్న ఒకాయన లేచి వచ్చి జేబులోంచి బిళ్ల తీసి చూపించాడు. నేను సగర్వంగా టికెట్ తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, తల అడ్డంగా ఊపాడు. ఫైన్ కట్టాను. తప్పు నాదే.

తిరిగొచ్చి రాసిన వ్యాసంలో ఈ సంగతి పెట్టలేదు. సిగ్గేసింది. దానికి బదులు సెయింట్ వైటస్ చర్చి 1344లో మొదలై 1929లో పూర్తయిందని రెండు పేరాలు రాశాను. ఆ వ్యాసం ఎవరికీ గుర్తులేదు. చుట్టాలొస్తే మాత్రం మా ఆవిడ ఇప్పటికీ “ఆ ట్రామ్ ఫైన్ సంగతి చెప్పండి” అంటుంది.

అందుకే నీకో పని. ఆ రాత్రి మీ అమ్మకు ఫోన్ చేసి ఏం చెప్పావో గుర్తు తెచ్చుకో. 1357 అని మొదలుపెట్టి ఉండవు. ఏది ముందు చెప్పావో అది ముందు రాయి.

చరిత్ర వద్దనడం లేదు. నువ్వెక్కిన ట్రామ్‌లో ఇమిడేది రాయమంటున్నాను. వంతెన మీద ఫొటోలు దిగావు కదా, దాని మీద ఒకప్పుడు ట్రామ్ నడిచింది తెలుసా? 1883 నుంచి గుర్రాలు లాగేవి, 1905లో కరెంటువి వచ్చాయి. పైన తీగలు వేలాడితే వంతెన అందం చెడుతుందని కరెంటును కింద పట్టాల దగ్గర్నుంచే ఇచ్చారు. 1908లో ఆపేశారు. ట్రామ్‌లో తిరిగిన రోజు గురించి రాస్తున్నావు కాబట్టి ఈ సంవత్సరాలకు నీ వ్యాసంలో చోటుంది.

22 నంబరు ట్రామ్ ఎక్కావు. నది దాటాక లెతెన్‌స్కా అనే ఇరుకు వీధిలో అది ఒక ఇంటి కింది కమానులోంచి దూరి వెళ్తుంది. రెండు దారుల పట్టాలూ అక్కడ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, అటునుంచి ట్రామ్ వస్తే ఇది ఆగాల్సిందే. కిటికీ పక్కన కూర్చుంటే గోడను తాకొచ్చేమో అనిపిస్తుంది. నీ వ్యాసంలో ఆ వీధే లేదు! నిద్రపోయావా?

ట్రామ్ ఎక్కడానికి ముందు దిగిన మెట్రో స్టేషన్ పేరు ‘నామ్నెస్తీ మీరు’ అని రాసి వదిలేశావు. భూమికి 53 మీటర్ల లోతున ఉంటుంది. 87 మీటర్ల ఎస్కలేటర్ మీద దాదాపు రెండు నిమిషాలు నిలబడి పైకి వస్తాం. ఆ రెండు నిమిషాలూ ఎదురు ఎస్కలేటర్ మీద దిగుతున్న జనం ఏం చేస్తున్నారో చూడలేదా? పైగా ఆ ‘మీరు’ అంటే వాళ్ల భాషలో శాంతి. తెలుగువాళ్లకు తప్ప ఇంకెవరికీ నవ్వు రాని చోటది.

వంతెనను చూడగానే చార్మినార్ గుర్తొచ్చిందన్నావు. నిజంగానే గుర్తొచ్చిందా? నాకు నమ్మకం లేదు. కండక్టర్ గుర్తొచ్చాడంటే నమ్ముతాను.

గడియారం దగ్గర అస్థిపంజరం గంట కొట్టడం బాగానే రాశావు. అక్కడ అందరూ పైకే చూస్తుంటారు. ఆ గడియారం ఉన్న భవనం మూల తిరిగితే నేల మీద పరిచిన రాళ్లలో 27 తెల్లని శిలువలుంటాయి. చక్రవర్తి మీద తిరగబడినందుకు 1621 జూన్ 21న అక్కడ 27 మంది ప్రాణాలు తీశారు. జనం వాటిని తొక్కుకుంటూనే తిరుగుతుంటారు. నువ్వు గమనించావా? గమనించకపోతే నేను చెప్పానని చేర్చకు, దొరికిపోతావు.

‘అద్భుతం’ పదకొండు సార్లు వాడావు. ఒకటి ఉంచుకో.

తిరగరాసి పంపు, తొందరేం లేదు. ఇంతకీ ఆ రోజు మీ ట్రామ్‌లోకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడా, లేదా? అది చెప్పకుండానే దిగిపోయావు.

ఉంటాను,
మాస్టారు