నీలి ముద్రతో మొదలుపెట్టండి

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో అట్టకు అంటించిన పాత ఫొటోలు దొరికినప్పటి నుంచి అలాంటివి సేకరిస్తున్నాను. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి ఫొటో తీసే పద్ధతిని ఇంట్లోనే నేర్చుకోవాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ ఉత్సాహాన్ని కాదనను గాని, కొలోడియన్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టమనే చెబుతాను. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన ఆ పద్ధతిలో, పలక మీది పూత తడి ఆరకముందే ఫొటో తీసి, డెవలప్ చేయడం కూడా ముగించాలి. మన ఎండాకాలంలో ఆ కాస్త వ్యవధి కూడా మిగలదు. పైగా కొలోడియన్‌లో ఉండే, ఇట్టే నిప్పంటుకునే ఈథర్‌ను పొయ్యి వెలిగే ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదం.

ఎండతో నీలిరంగు ముద్రలు తీసే సైనోటైప్‌కు మాత్రం మన ఎండే పెట్టుబడి. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ పద్ధతే తరువాత ఇంజనీర్ల బ్లూప్రింట్ అయింది. వంద మిల్లీలీటర్ల నీటిలో 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్‌ను, వేరొక సీసాలో అంతే నీటిలో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్‌ను కరిగించి, పూసే ముందు సమపాళ్లలో కలపాలి. చేతికి తొడుగులు తప్పనిసరి. ఫెర్రిసయనైడ్ దగ్గరికి ఘాటైన ఆమ్లాలను రానివ్వకూడదు. మసక వెలుతురులో మందపాటి కాగితానికి పూసి ఆరబెట్టి, దాని మీద కరివేపాకు రెబ్బ పరచి, గాజు పలకతో అదిమి ఎండలో పెట్టండి. పసుపుపచ్చగా ఉన్న కాగితం క్రమంగా నీలిబూడిద రంగుకు తిరుగుతుంది. అప్పుడు పసుపు వదిలేదాకా నీళ్లలో కడిగితే, నీలం మధ్య ఈనెలతో సహా తెల్లని ఆకు తేలుతుంది. 1843 నుంచి ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞురాలు అన్నా అట్కిన్స్ సముద్రపు నాచును ఇలాగే అచ్చొత్తింది. క్షారం తగిలితే ఈ నీలం వెలిసిపోతుంది కనుక, చవుడు బోరునీళ్లతో కడగకండి.

ఇక తాతగారి ఫొటోల సంగతి. భూతద్దంలో కాగితం పోగులు కనిపిస్తూ, తెలుపు పసుపుబారి, పైన సన్నని మెరుపు ఉంటే అవి గుడ్డు తెల్లసొనతో చేసిన ఆల్బుమిన్ ముద్రలు కావచ్చు. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన లాలా దీన్‌దయాళ్ ముద్రల్లో చాలా వరకు ఆ రకానివే. వాటిని తడిగుడ్డతో తుడవడం, అట్ట నుంచి ఊడదీయడం వద్దు. వెనక పేర్లు రాయదలిస్తే మెత్తని పెన్సిల్‌తో, తేలిక చేత్తో రాయండి. బాల్‌పెన్ ఒత్తిడి ఫొటో ముందువైపుకు ఉబ్బుతుంది.