మాంచెస్టర్ యునైటెడ్‌కి అన్ని కోట్లొస్తే నష్టం ఎందుకు? ఒక మిల్లు గుమస్తా జవాబు

ప్రశ్న ఇది: "ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌కి మన లెక్కలో ఏటా ఏడు వేల కోట్ల రూపాయలకు పైగా ఆదాయం. అయినా ప్రతి ఏడూ నష్టమే అంటున్నారు, ఉద్యోగుల్ని తీసేస్తున్నారు. ఆటగాళ్ళ జీతాలే కారణమా?"

మాది పర్లాకిమిడి. ఇరవై రెండేళ్ళు ఒక రైసు మిల్లులో లెక్కలు రాశాను. కళాసీల చీటీలు ఒడియాలో, పద్దు పుస్తకం తెలుగులో, బ్యాంకు కాగితాలు ఇంగ్లీషులో. మా ఊళ్ళో గుమస్తా అంటే మూడూ రావాలి. ఫుట్‌బాల్ పిచ్చి నాది కాదు, మా మేనల్లుడిది. వాడు ఆట చూస్తుంటే పక్కన కూర్చుని నేను ఆ క్లబ్బు జమాఖర్చులు చూడ్డం అలవాటు చేసుకున్నాను. యునైటెడ్ షేర్లు 2012 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉన్నాయి కాబట్టి మూడు నెలలకోసారి లెక్కలు బయటపెట్టక తప్పదు. ఎవరైనా చూడొచ్చు.

జీతాల సంగతి ముందు తేల్చేస్తాను. 2024-25లో క్లబ్బు ఆదాయం 66.65 కోట్ల పౌండ్లు. అందులో సగం, అంటే 33.3 కోట్లు, స్పాన్సర్లూ జెర్సీలూ వగైరా. టీవీ హక్కుల మీద 17.3 కోట్లు, టికెట్ల మీద 16 కోట్లు. జీతాలన్నీ కలిపి 31.3 కోట్లు, ఆదాయంలో సగం కూడా లేవు. ఆదాయంలో ముప్పాతిక వంతు జీతాలకే పోయే క్లబ్బులు యూరప్‌లో బోలెడు. ఆ ఏడాది ఇంత ఆదాయం వచ్చినా 3.3 కోట్ల నష్టం. అంతకుముందు ఏడాది 11.3 కోట్లు. 2019-20 నుంచి వరసగా ఆరేళ్ళ నష్టాలు కూడితే 40 కోట్ల పౌండ్లు దాటుతుంది. కాబట్టి జీతాల పేజీ దగ్గరే ఆగిపోతే జవాబు దొరకదు.

ఇక్కడ మా మిల్లు కథ చెప్పాలి.

2006లో మా పెద్దాయన మిల్లు అమ్మేశారు. పిల్లలెవరూ ఈ ధూళిలోకి రామన్నారు. ఆయన ఉన్నన్నాళ్ళు మిల్లు మీద అప్పు లేదు. సీజనులో ధాన్యం కొనడానికి బ్యాంకు దగ్గర తీసుకోవడం, బియ్యం అమ్మి కట్టేయడం, అంతే. కొన్నవాళ్ళు 90 లక్షలకు బేరం చేశారు. సొంతంగా తెచ్చింది 30. మిగతాది మిల్లు కాగితాలు బ్యాంకులో పెట్టి కొంత, అది చాలక నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు కొంత. ఆ ఏప్రిల్లో ఎర్రగుడ్డ అట్ట పుస్తకంలో నేను ఒక కొత్త పేజీ తెరిచాను. పైన "వడ్డీ ఖాతా" అని రాస్తుంటే చెయ్యి ఆగింది. అన్నేళ్ళలో ఆ పేరుతో నాకు విడిగా పేజీ కావలసి రాలేదు.

గమనించండి, ఆ 60 లక్షలతో మిల్లుకి ఒక్క బోల్టు కూడా రాలేదు. అదంతా పెద్దాయన చేతికి వెళ్ళింది. మిల్లుని కొనడానికి చేసిన అప్పుని మిల్లే తీర్చాలి.

మాంచెస్టర్‌లో ఇదే పని అంతకు ఏడాది ముందు జరిగింది. దశాబ్దాల పాటు అప్పు లేకుండా నడిచిన క్లబ్బుని 2005లో అమెరికాకి చెందిన మాల్కమ్ గ్లేజర్ కుటుంబం దాదాపు 79 కోట్ల పౌండ్లకు కొంది. అందులో సగానికి మించి అప్పు. కొంత నేరుగా క్లబ్బు ఆస్తుల మీద, కొంత క్లబ్బు పైనున్న కుటుంబ కంపెనీ పేర. కడుపుమండిన అభిమానులు కొందరు ఆ ఏడాదే ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని వేరే క్లబ్బు పెట్టుకున్నారు. 2010 నాటికి మొత్తం అప్పు 70 కోట్ల పౌండ్లు దాటింది. కుటుంబ కంపెనీ పేర ఉన్న అప్పుకి వడ్డీ ఆ ఏడాది 14.25 శాతం నుంచి 16.25 శాతానికి పెరిగింది. మన భాషలో నూటికి నెలకు రూపాయి ముప్పై అయిదు పైసలు. పైగా కట్టని వడ్డీ అసలులో కలిసిపోతుంది. ఇది చెప్పినప్పుడు మావాడు, "ఏటి మావయ్యా, ఇంగ్లండ్‌లో కూడా కాల్మనీయేనా?" అన్నాడు. ఆ అప్పుని ఆ నవంబరులో తీర్చేశారు గానీ, క్లబ్బు మీద ఉన్నది అలాగే ఉండిపోయింది. ఏళ్ళ తరబడి 65 కోట్ల డాలర్ల దగ్గరే ఉంది. వడ్డీ పోతుంది, అసలు కరగదు.

నన్ను ఎక్కువ బాధపెట్టిన అంకె మాత్రం డివిడెండుది. 2021-22లో 11.5 కోట్ల పౌండ్ల నష్టం చూపించారు. అదే ఏడాది వాటాదారులకు 3.3 కోట్ల పౌండ్లకు పైగా పంచారు. వాటాల్లో ఎక్కువ భాగం ఎవరివో చెప్పక్కర్లేదు. మా కొత్త ఓనరు కూడా దసరాకి గల్లాపెట్టె లోంచి తీసేవాడు గానీ, పాపం, "సొంత వాడకం" అని రాయించేవాడు.

వడ్డీ ముందు కట్టాలి కాబట్టి మరమ్మతులు వెనక్కి పోతాయి. మా డ్రయ్యరు షెడ్డు మీద సిమెంటు రేకు ఒకటి పగిలింది. కొత్త రేకు వేయడానికి నాలుగు వేలు. "వచ్చే నెల చూద్దాం" అంటూ ఏడు నెలలు గడిచాయి. ఆషాఢంలో ఒక రాత్రి కురిసిన వానకి కింద పేర్చిన నూక బస్తాలు అరవై తడిశాయి. పొద్దున్నే తాళం తీసేసరికి ముక్కిపోయిన వాసన గుప్పున కొట్టింది. కళాసీలు బకెట్లతో నీళ్ళెత్తుతుంటే నేను పుస్తకంలో ఆ అరవై బస్తాలూ కొట్టేశాను. 2024 మేలో ఆర్సెనల్‌తో మ్యాచ్ అయ్యాక ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం పైకప్పు నుంచి నీళ్ళు జలపాతంలా దూకిన వీడియో మీరూ చూసే ఉంటారు. ప్రపంచమంతా నవ్వుకుంది. నాకు మాత్రం నూక వాసన వచ్చింది.

ఇంతవరకు విని మావాడు "చూశావా, అంతా గ్లేజర్లే" అంటాడు. అభిమానులందరి మాటా అదే. నేను పూర్తిగా ఒప్పుకోను. వడ్డీ ఏడాదికి కొన్ని కోట్ల పౌండ్లు. అంత ఆదాయం ఉన్న క్లబ్బు ఆ బరువు మోయగలదు. మా మిల్లు కూడా మొదటి మూడేళ్ళు మోసింది. ములిగింది ఎక్కడంటే, నాలుగో ఏట మా ఓనరు ఎవరో చెప్పారని ఒక సార్టెక్స్ మిషను కొన్నాడు, బియ్యంలో నల్లగింజలు ఏరేది. మా మిల్లుకి వచ్చే ధాన్యానికి అంత పెద్దది అక్కర్లేదు. కరెంటు చాలలేదు, నడిపేవాడు దొరకలేదు. రెండేళ్ళకి పావు వంతు ధరకి అమ్మేశాం.

యునైటెడ్ చేసిన పని అదే. ఆంటోనీ అనే బ్రెజిల్ కుర్రాణ్ణి 2022లో ఆయాక్స్ క్లబ్బు నుంచి 9.5 కోట్ల యూరోలకు కొన్నారు, అయిదేళ్ళ ఒప్పందం. లెక్కల్లో ఆ డబ్బంతా మొదటి ఏడాదే ఖర్చు కింద రాయరు. మిషను మీద తరుగుదల వేసినట్టు ఏడాదికి 1.9 కోట్ల చొప్పున అయిదేళ్ళు రాస్తారు. (మిల్లులో తరుగు అంటే రైతు ధాన్యంలో కోసేది. ఇది ఆ తరుగు కాదు.) మూడేళ్ళయ్యాక పుస్తకంలో అతని విలువ ఇంకా 3.8 కోట్లు. 2025లో స్పెయిన్‌లోని బెటిస్ క్లబ్బుకి 2.2 కోట్లకు ఇచ్చారు. అంటే ఉజ్జాయింపుగా 1.6 కోట్ల నష్టం ఒక్క సంతకంతో పుస్తకంలోకి వచ్చినట్టు. ఇలాంటి కొనుగోళ్ళు ఒకటా రెండా? 2023-24లో ఆటగాళ్ళ మీద తరుగుదలే 19 కోట్ల పౌండ్లు. వడ్డీ దాని ముందు చిన్నది. పైగా ఆటగాళ్ళని వాయిదాల మీద కొంటారు కాబట్టి వేరే క్లబ్బులకి ఇవ్వాల్సిన బాకీ 2024 నాటికి 30 కోట్ల పౌండ్లు దాటింది. బ్యాంకు అప్పు గురించి అరిచేవాళ్ళు ఈ ఉద్దర ఖాతా గురించి మాట్లాడరు.

దీనికి తిరగబడ్డ లెక్క ఇంకొకటుంది. స్కాట్ మెక్‌టామినే చిన్నప్పటి నుంచి యునైటెడ్ అకాడమీలో పెరిగినవాడు. కొన్నది కాదు కాబట్టి పుస్తకంలో విలువ సున్నా. 2024లో అతన్ని నాపోలికి దాదాపు 3 కోట్ల యూరోలకు అమ్మితే అదంతా లాభం కిందే రాసుకోవచ్చు. ఇంగ్లండ్ పెద్ద క్లబ్బులు ఆడే ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్ళకి కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదని అప్పట్లో రూలు ఉండేది. కొన్ని ఖర్చుల్ని అందులోంచి మినహాయించేవారు. ఇంటి పిల్లల్ని అమ్మడానికి క్లబ్బులు తహతహలాడేది అందుకే. అతను ఇటలీ వెళ్ళి మొదటి ఏడాదే లీగ్ గెలిచి, ఆ లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. పద్దులో లాభం, మైదానంలో నష్టం. మావాడి ముందు ఈ పేరెత్తితే ఆ పూట అన్నం తినడు.

వడ్డీ, కొనుగోళ్ళ తర్వాత మూడో కారణం ఆట. 2025 మేలో బిల్బావోలో యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్ ఫైనల్ మనకి రాత్రి పన్నెండున్నరకి మొదలైంది. టోటెన్‌హామ్ చేతిలో 1-0తో ఓడారు. ప్రీమియర్ లీగ్‌లో పదిహేనో స్థానం, దాంతో తర్వాతి సీజనుకి యూరప్ పోటీలే లేవు. అడిడాస్‌తో పదేళ్ళకి 90 కోట్ల పౌండ్ల ఒప్పందం ఉంది కదా, అందులో కూడా యూరప్‌లో పై స్థాయి పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్ళని ప్రతి సీజనుకీ కోటి పౌండ్లు కోత.

ఉద్యోగుల్ని తీసేయడం గురించి అడిగారు. 2024లో జిమ్ ర్యాట్‌క్లిఫ్ అనే ఇంగ్లీషు వ్యాపారి నాలుగో వంతుకు పైగా వాటా కొని, ఆట వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నాడు. ఏమీ చేయకపోతే 2025 ఆఖరికి చేతిలో నగదు ఉండేది కాదని ఆయనే చెప్పాడు. ముందు 250 మందిని, తర్వాత ఇంకో 150 నుంచి 200 మందిని తగ్గించారు. ఓల్డ్ ట్రాఫర్డ్ సిబ్బందికి ఉచిత భోజనం తీసేసి పళ్ళు పెట్టారు. నాకు ఇది బొత్తిగా నచ్చలేదు. మా ఓనరు కూడా కళాసీలకి పదకొండింటికి ఇచ్చే టీ మానేశాడు. రోజుకి డెబ్బై రూపాయలు మిగిలాయి. వాళ్ళు రోడ్డు దాటి పాతపట్నం వైపు టీ బడ్డీకి వెళ్ళి అరగంటకి వచ్చేవారు. లారీ ఆగి ఉండేది, లారీ వాడు వెయిటింగ్ అడిగేవాడు.

మీరే లెక్కలు తీసి చూడాలనుకుంటే ఒక్క మాట. ఫైనాన్స్ ఖర్చులు అనే లైను చూసి వడ్డీ ఇంతే అనుకోకండి. అప్పు డాలర్లలో, ఆదాయం పౌండ్లలో. పౌండు బలపడిన ఏడాది ఆ ఖర్చు కాగితం మీద తగ్గిపోతుంది, బలహీనపడితే ఉబ్బిపోతుంది. నిజంగా చేతి నుంచి ఎంత పోయిందో తెలియాలంటే నగదు ప్రవాహాల పేజీలో "కట్టిన వడ్డీ" అని విడిగా ఉంటుంది, అది చూడండి. నేను మొదటిసారి ఈ రెంటినీ కలగలిపి మావాడికి తప్పు అంకె చెప్పాను.