కత్తిరింపు అంటే సగమే

ప్రశ్న: ఒక సైన్సు వ్యాసంలో ‘ఎస్‌ఎఫ్‌3బి1 జన్యువు యొక్క విధి ఆర్‌ఎన్‌ఏను కత్తిరించడం. ఈ జన్యువులో లోపం వస్తే రక్తజబ్బులు వస్తాయి’ అని ఉంది. ఈ పనిని ఇంగ్లిష్‌లో ‘స్ప్లైసింగ్’ అంటారు. దానికి ‘కత్తిరింపు’ సరైన మాటేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఆ ‘యొక్క’ను తీసెయ్యండి. ‘జన్యువు పని’ అంటే చాలు. ‘విధి’ అనగానే నుదుటిరాత గుర్తొస్తుంది.

పైగా కత్తిరించేది జన్యువు కాదు. రెండో క్రోమోజోమ్ మీదున్న ఆ జన్యువును బట్టి కణం ఒక ప్రోటీన్ తయారుచేసుకుంటుంది. ఆ ప్రోటీన్ కూడా కత్తెర పట్టదు. జన్యువుకు నకలుగా తయారయ్యే ఆర్‌ఎన్‌ఏలో తీసెయ్యాల్సిన నడిమి ముక్క ఇంట్రాన్, ఉంచుకునే ముక్క ఎక్సాన్. ఇంట్రాన్ చివరకు దగ్గర్లో ఎడినిన్ అనే ఒక రసాయన అక్షరం ఉంటుంది. దాన్ని గుర్తుపట్టి నిలబెట్టడంలో ఈ ప్రోటీన్ సాయపడుతుంది. ఇంట్రాన్ మొదలు తెగి వచ్చి ఆ ఎడినిన్‌కు అంటుకుని ఉచ్చులా తయారవుతుంది. ఆ ఉచ్చు ఊడిపోతుంది, అటూ ఇటూ ఉన్న ఎక్సాన్లు కలుస్తాయి.

అంటే తీసెయ్యడం, కలపడం రెండూ కలిస్తేనే స్ప్లైసింగ్. ‘కత్తిరింపు’ ఒక సగం, ‘అతుకు’ ఇంకో సగం. రెండూ ఒక్కచోట జరిగే తీరుకు మన వ్యాకరణంలో పేరుంది: మధ్యమపదలోపం. శాకప్రియుడైన పార్థివుడు, అంటే కూరలంటే ఇష్టమున్న రాజు, ‘శాకపార్థివుడు’ అవుతాడు. నడిమి ‘ప్రియ’ పోయింది, అంచులు కలిశాయి. శాస్త్రవేత్తలు ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌ల బృందాలు 1977లో అడినోవైరస్‌లో ఈ స్ప్లైసింగ్ సంగతి వేరువేరుగా కనిపెట్టాయి. 1993లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. వాళ్ల పని గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది శాకపార్థివుడే.

ఇక ‘లోపం’. ఈ మాటకు జరిగిన అన్యాయం చూస్తే బాధేస్తుంది. ఇది ‘లుప్’ ధాతువు నుంచి వచ్చింది. ‘అదర్శనం లోపః’ అన్నాడు పాణిని. ఉండాల్సినది కనబడకపోవడమే లోపం, అంతే. ‘రాముడు + అతడు’ కలిసి ‘రాముడతడు’ అయినప్పుడు ఉకారం లోపించింది. అందులో తప్పేముంది? ఇవాళ మాత్రం లోపమంటే తప్పే. భద్రతా లోపం, పోషకాహార లోపం, ఇప్పుడు జన్యులోపం. వాడుకను వెనక్కి తిప్పలేను గానీ, సైన్సు రాసేవాళ్లయినా కాస్త చూసి రాయాలి. ఈ జన్యువు విషయంలో తరచుగా కనిపించేది లోపం కాదు, వ్యాకరణంలో ‘ఆదేశం’ అనేది, అంటే ఒకదాని చోట ఇంకొకటి రావడం. ప్రోటీన్ అమైనో ఆమ్లాల గొలుసు; అందులో 700వ స్థానంలో ఉండాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం పోయి గ్లూటమిక్ ఆమ్లం వచ్చి కూర్చుంటుంది. ‘శత్రువదాదేశః, మిత్రవదాగమః’ అన్నారు పెద్దలు. ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని వెళ్లగొడుతుంది, ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది. ఇక్కడ వచ్చింది నిజంగా శత్రువే. ఆ మార్పుతో కోత పడాల్సిన చోటు తప్పి, కొన్ని అక్షరాల ముందే పడుతుంది. ఎర్రకణాలు సరిగ్గా తయారుకాని ఒక రకం ఎముకమజ్జ జబ్బులో ఈ మార్పు ఎక్కువగా కనిపిస్తుంది.

అయితే స్ప్లైసింగ్‌కు ‘మధ్యమపదలోపం’ అనే పేరే పెట్టమని పట్టుబట్టను. సమాసంలో పోయిన ‘ప్రియ’ వినేవాడి మనసులో ఉంటుంది, అది లేకపోతే అర్థమే లేదు. ఇంట్రాన్ మాత్రం ప్రోటీన్‌లోకి రాదు. ‘సంధానం’ బాగుంటుందేమో గానీ, అందులో కోత కనబడదు. ప్రస్తుతానికి ‘స్ప్లైసింగ్’ అనే రాసి, మొదటిసారి ‘నడిమి ముక్క తీసి అంచులు అతకడం’ అని వివరిస్తే సరిపోతుంది. ‘ఎడిటింగ్’ అని మాత్రం రాయకండి. అది ఆర్‌ఎన్‌ఏలో అక్షరాలనే మార్చే వేరే ప్రక్రియ.