1962 నాటి నాలుగో కోరే 1971లోనూ పోరాడిందా?

ప్రశ్న: చైనా యుద్ధంలో దెబ్బతిన్న నాలుగో కోర్, 1971లో మేఘనా నది దాటిన నాలుగో కోర్ ఒకటేనా? రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇంఫాల్ పోరులోనూ ఆ పేరు కనిపిస్తోంది. ఒకటే అయితే తొమ్మిదేళ్లలో అంతగా ఎలా మారింది? అందులో తెలుగు సేనాని ఎవరైనా ఉన్నారా? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కోర్ అంటే ఇంతమంది సైనికులున్న స్థిరమైన దళమని చాలామంది అనుకుంటారు. నిజానికి కోర్‌లో స్థిరంగా ఉండేది దాని ప్రధాన కార్యాలయం, అంటే ఒక లెఫ్టినెంట్ జనరల్, ఆయన సిబ్బంది, వారి సమాచార వ్యవస్థ మాత్రమే. దాని కింద పోరాడే డివిజన్లు అవసరాన్ని బట్టి వస్తాయి, పోతాయి. మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది.

ఇంఫాల్ నాటి కోర్ బ్రిటిష్ ఇండియా సైన్యానిది. 1944 మార్చిలో జపాన్ సేనలు దాడి చేసినప్పుడు జనరల్ స్కూన్స్ నాయకత్వంలో 17, 20, 23 డివిజన్లు దాని కింద ఉన్నాయి. 5వ డివిజన్‌ను బర్మా తీర ప్రాంతమైన అరకాన్ నుంచి విమానాల్లో తరలించి వాటికి తోడు చేశారు. కొహిమా దారి తెగిపోవడంతో జూన్ 22న అది తిరిగి తెరుచుకునే వరకు ఆహారం, మందుగుండు ఆకాశ మార్గాననే అందాయి. మరుసటి ఏడాది బర్మాలో మెయిక్‌టీలాను పట్టుకున్నదీ ఈ కోరే. యుద్ధం ముగిశాక దాన్ని రద్దు చేశారు.

మీరడిగిన కోర్ 1962 అక్టోబరు 4న అస్సాంలోని తేజ్‌పూర్‌లో పుట్టింది. నెఫా, అంటే నేటి అరుణాచల్ ప్రదేశ్ సరిహద్దు అప్పటివరకు 33వ కోర్ బాధ్యతలో ఉండేది. ఆ సరిహద్దులోని థగ్ లా కొండ నుంచి చైనావారిని వెళ్లగొట్టడం ఉన్న బలగంతో సాధ్యం కాదని ఆ కోర్ అధిపతి ఉమ్రావ్ సింగ్ అభ్యంతరం చెప్పగా, ఢిల్లీ పెద్దలు ఆయన మాట వినడానికి బదులు ఆ ప్రాంతాన్నే ఆయన చేతుల్లోంచి తప్పించి, కొత్త కోర్‌ను సృష్టించి జనరల్ బి.ఎం. కౌల్‌కు అప్పగించారు. పేరుకు కోర్ గానీ, ఆ కొండ కింది నమ్కా చు వాగు ఒడ్డున దాని చేతిలో ఉన్నది ఒక్క 7వ బ్రిగేడ్, అంటే డివిజన్‌ కన్నా చిన్నదైన, కొన్ని బెటాలియన్ల దళం. ఆ ఎత్తున చలికి తగిన దుస్తులైనా అందని ఆ సైనికులు వాగు పక్క పల్లంలో ఉంటే, చైనా సేన పైనున్న గట్ల మీద ఉంది. కౌల్ కొండల్లో జబ్బుపడి ఢిల్లీ చేరి, మంచం మీద నుంచే ఆదేశాలు పంపుతూ వచ్చారు. కోర్ ఏర్పడిన పదహారో రోజున, అక్టోబరు 20న దాడి మొదలైంది. ఆ బ్రిగేడ్ అధిపతి బ్రిగేడియర్ దాల్వి బందీ అయ్యారు. నడుమ కొద్ది రోజులు కోర్‌ను నడిపిన హర్‌బక్ష్ సింగ్ సే లా కనుమ దగ్గర నిలవడానికి ఏర్పాట్లు చేస్తుండగానే కౌల్ తిరిగి వచ్చారు. నవంబరు 18 నాటికి సే లా కూడా చేజారింది. ఈ ఓటమిని సైనికుల ఖాతాలో రాయడం నా దృష్టిలో అన్యాయం. యుద్ధం తరువాత కౌల్ వైదొలగగా మానెక్ షా వచ్చి కోర్‌ను మళ్లీ నిలబెట్టారు.

1971 బంగ్లాదేశ్ యుద్ధంలో పోరాడింది ఈ తేజ్‌పూర్ కోరే. కానీ ఈసారి సన్నాహానికి నెలల వ్యవధి దొరికింది. 8, 23, 57 డివిజన్లు చేతిలో ఉన్నాయి. అధిపతి సగత్ సింగ్ 1961 గోవా విమోచనలో, 1967లో సిక్కిం సరిహద్దు నాథు లా వద్ద చైనాతో జరిగిన పోరులో ఆరితేరినవారు. త్రిపుర వైపు నుంచి సాగిన ఆయనకు అప్పగించిన పని మేఘనా నదికి తూర్పున ఉన్న భూభాగం వరకే. డిసెంబరు 9న పాకిస్తాన్ సేన అషుగంజ్ వంతెనను పేల్చివేసి, అవతలి ఒడ్డున భైరబ్ బజార్‌లో కాచుకుంది. సగత్ సింగ్ ఆ ఊరి జోలికి పోకుండా, దానికి దక్షిణాన రాయ్‌పురా వద్ద ఎం.ఐ-4 హెలికాప్టర్లతో సైనికులను దించారు. అక్కడి నుంచి నర్సింగ్ది మీదుగా ఢాకా శివార్ల వరకు వెళ్లారు. అయితే డిసెంబరు 16న ఢాకాలో మొదట అడుగుపెట్టినవారు ఉత్తరం నుంచి వచ్చిన 2 పారా అనే పారాచూట్ బెటాలియన్ సైనికులు. ఆ బెటాలియన్ ఈ కోర్‌ది కాదు.

ఇక తెలుగు సేనాని. 8వ మౌంటెన్ డివిజన్‌ను నడిపినవారు మేజర్ జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు. సిల్హెట్ ఆయన డివిజన్ లక్ష్యం. డిసెంబరు 7న ఆ పట్టణం దగ్గర హెలికాప్టర్లలో దిగిన 4/5 గూర్ఖా రైఫిల్స్ అప్పటికే గత పోరాటాల్లో నష్టపోయి, పూర్తి బలం కూడా లేని బెటాలియన్. దిగింది ఏకంగా బ్రిగేడ్ అని బీబీసీ ప్రకటించడంతో శత్రువు దాన్నే నమ్మాడని అంటారు. ఏమైతేనేం, ఢాకా లొంగుబాటు తరువాత సిల్హెట్ దండు కూడా ఆయుధాలు అప్పగించింది. కృష్ణారావు 1981లో భారత సైన్యాధిపతి అయ్యారు.