పీడీఎఫ్‌లో కనబడిన తప్పు ఏ ఫైల్లో ఉంది?

ప్రశ్న: నా థీసిస్‌ను లేటెక్‌లో రాస్తున్నాను (టైప్ చేసిన ఫైళ్ల నుంచి పేజీలు కూర్చి పీడీఎఫ్ చేసే సాఫ్ట్‌వేర్ అది). తొమ్మిది అధ్యాయాలు, తొమ్మిది ఫైళ్లు. మా గైడు పీడీఎఫ్ మీద తప్పులు గుర్తుపెట్టి, దానికి వేరే పేరు పెట్టి తిరిగి పంపుతారు. ఒక్కో తప్పు అసలు ఫైల్లో ఎక్కడుందో వెతకడానికే సాయంత్రాలు అయిపోతున్నాయి. పీడీఎఫ్‌లో క్లిక్ చేస్తే ఎడిటర్ నేరుగా ఆ లైనుకు వెళ్తుందని విన్నాను. నా పీడీఎఫ్‌లో వెళ్తుంది కానీ, నాలుగు తప్పులు దిద్దేసరికి పక్క లైన్లు చూపిస్తుంది. గైడు పంపిన పీడీఎఫ్‌లో అయితే అసలు కదలదు. సమర్పించడానికి నెల రోజులే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: వెతుకులాటలో సాయంత్రాలు పోవడం కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. నేను పదిహేనేళ్లుగా లెక్కలు, భౌతికశాస్త్రం పుస్తకాలకు పేజీలు కూరుస్తున్నాను. మొదట్లో ఒక పుస్తకం ప్రూఫులో, 212వ పేజీలో ఒక మైనస్ గుర్తును ప్లస్ చేయమని రాసి ఉంది. ఆ వాక్యాన్ని ఎడిటర్‌లో వెతికాను, దొరికింది, మార్చేశాను. పుస్తకం అచ్చయ్యాక తెలిసింది, అదే వాక్యం రెండు అధ్యాయాల్లో ఉందని. సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టి, తప్పును అలాగే వదిలేశాను. అప్పటి నుంచి మాటను వెతికి దిద్దడం మానేశాను. పేజీ మీద తప్పు కనబడిన చోట క్లిక్ చేసే ఫైల్లోకి వెళ్తాను.

ఈ పని చేసిపెట్టేది సింక్‌టెక్. దీన్ని జెరోమ్ లోరాన్స్ తయారుచేశారు. లేటెక్‌కు పునాది టెక్ అనే ప్రోగ్రామ్; దాన్ని అందించే టెక్ లైవ్ అనే కూర్పులో 2008 నుంచి ఇది టెక్‌తోపాటే వస్తోంది. అంతకుముందు పద్ధతుల్లో జాడ తెలిపే గుర్తులను పేజీలోకే చొప్పించేవారు, దాంతో ఒక్కోసారి లైన్లూ పేజీలూ విరిగే చోట్లే మారిపోయేవి. మనం ప్రూఫు చూసిన పేజీ ఒకటి, అచ్చుకెళ్లే పేజీ ఇంకొకటి అయితే ఏం లాభం? సింక్‌టెక్ పేజీ జోలికి వెళ్లదు. కంపైల్ చేసేటప్పుడు, అంటే టైప్ చేసిన ఫైళ్ల నుంచి పీడీఎఫ్ తయారుచేసేటప్పుడు, సింక్‌టెక్ ఆప్షన్‌ను 1 అని పెడితే, పీడీఎఫ్ పక్కనే అదే పేరుతో ఇంకో చిన్న ఫైలు పుడుతుంది. పేజీలో ఈ చోట కూర్చున్నది ఏ ఫైల్లో ఎన్నో లైను నుంచి వచ్చిందో అందులో రాసి ఉంటుంది.

ఆ ఫైలు గురించి ఇంత చెప్పడానికి కారణం, మీ రెండు ఇబ్బందులూ అక్కడి నుంచే వస్తున్నాయి. పీడీఎఫ్ చూపించే ప్రోగ్రామ్ దాన్ని పేరును బట్టి వెతుక్కుంటుంది. మీ గైడు పేరు మార్చి పంపిన పీడీఎఫ్‌కు ఆ పేరుతో జోడీ ఫైలు లేదు, అందుకే కదలదు. గైడు పంపినదాన్ని ఒక పక్క తెరిచి చూస్తూ, క్లిక్ మాత్రం మీ సొంత పీడీఎఫ్‌లో చేయండి. అది గైడుకు పంపిన రోజు కంపైల్ చేసినదే అయి ఉండాలి. అందుకే నేను ప్రూఫు పంపిన రోజే మొత్తం ఫోల్డరుకు ఒక కాపీ తీసి పెడతాను. కాపీలో పని చేయాలనుకుంటే మాత్రం అక్కడ ఒకసారి మళ్లీ కంపైల్ చేయండి, లేకపోతే క్లిక్ పాత ఫోల్డరులోని ఫైళ్లనే తెరవవచ్చు.

ఇక పక్క లైన్లకు పోవడం. ఆ చిన్న ఫైల్లో ఉన్నవి కంపైల్ చేసిన క్షణంలోని లైను నంబర్లు. మీరు పైన రెండు లైన్లు చేర్చితే కింద ఉన్నవన్నీ రెండేసి లైన్లు జరిగిపోతాయి, ఆ సంగతి దానికి తెలియదు. కాబట్టి చివరి పేజీ నుంచి మొదటి పేజీకి దిద్దుకుంటూ రండి. కింద ఎంత మార్చినా పైన ఉన్న లైన్ల నంబర్లు మారవు. నేను ఏ ప్రూఫునైనా ఇలాగే వెనక నుంచి దిద్దుతాను.

ఇంకొకటి. సింక్‌టెక్ చూపించేది లైను వరకే, అందులో ఏ మాటో చెప్పదు. పేరా మొత్తాన్ని ఒకే పొడవాటి లైనుగా టైప్ చేస్తే క్లిక్ చేసినా మళ్లీ కళ్లతో వెతుక్కోవాలి. వాక్యానికో లైను చొప్పున రాయండి. పేజీ మీద ఏ తేడా ఉండదు.

క్లిక్ చేసే తీరు ఒక్కో ప్రోగ్రామ్‌లో ఒక్కో రకం: సుమత్రా పీడీఎఫ్‌లో డబుల్ క్లిక్, ఓక్యులర్‌లో షిఫ్ట్ పట్టుకుని క్లిక్, టెక్‌స్టూడియోలో కంట్రోల్ పట్టుకుని క్లిక్.

ప్రశ్న: ఫుట్‌నోట్ మీద క్లిక్ చేస్తే దాని చివరి లైనుకు వెళ్తోంది. విషయసూచిక మీద క్లిక్ చేస్తే నేనెప్పుడూ రాయని ఫైలు తెరుచుకుంటోంది. ఏదైనా పాడైందా?
– ఒక అధ్యాపకుడు

జవాబు: ఏమీ పాడవలేదండీ. టెక్ ఫుట్‌నోట్‌ను ముగింపు బ్రాకెట్ వరకు ఒక్కసారిగా చదివేసుకుని, ఆ తర్వాతే పేజీ మీద పేరుస్తుంది. అప్పటికి టెక్ ఉన్నది చివరి లైను దగ్గర, కనుక అదే నంబరు నమోదవుతుంది. వరుసగా పేర్చిన సమీకరణాల్లోనూ ఇంతే, అక్కడి నుంచి పైకి చూసుకుంటూ వెళ్లండి. విషయసూచిక ఫైలును లేటెక్ తనే రాసుకుంటుంది. అందులో దిద్దితే తర్వాత కంపైల్ చేసినప్పుడు మీ దిద్దుబాటు చెరిగిపోతుంది. అధ్యాయంలో ఉన్న ఆ శీర్షిక మీద క్లిక్ చేసి, అక్కడే మార్చండి.