ఇంగ్లండ్‌లో నారోబోట్ కొనుక్కుని ఉంటే అద్దె కంటే చౌకేనా? చలికాలం హీటింగ్, రిపేర్లు ఎలా మేనేజ్ చేస్తారు?

ప్రశ్న అడిగినాయన లండన్ అద్దెలు కట్టలేక అడుగుతున్నట్టున్నారు. చౌకా కాదా అన్నది చివర్లో చెప్తా, ముందు నారోబోట్ (ఇక్కడి కాలవల్లో తిరిగే సన్నటి ఇనప పడవ) హీటింగ్ సంగతి. కింద మిగతా జవాబులన్నీ చదివాను, అందరూ బోట్ మీంచి సూర్యోదయం ఎలా ఉంటుందో రాశారు గానీ రాత్రి మూడింటికి ఎలా ఉంటుందో ఒక్కరూ రాయలేదు.

అసలు విషయం ఒక్కటే అండి. బోట్‌లో కరెంటుతో పని లేకుండా వేడినిచ్చేది ఒకటైనా ఉండాలి. అంటే బొగ్గుల పొయ్యి. పోత ఇనుప స్టవ్, దాని గొట్టం పైకప్పులోంచి బయటికి. అది పీకేసి ఆ జాగాలో అల్మరా కట్టించి, డీజిల్ హీటర్ ఉంది కదా, ఫోన్‌లో బటన్ నొక్కితే బోట్ అంతా వెచ్చగా అయిపోతుంది అని అమ్మేవాడు చెప్తే ఓ నవ్వు నవ్వి వచ్చేయండి. సర్క్యూట్ బోర్డు ఉన్న ప్రతి వస్తువూ ఏడాది మొత్తంలో అన్నిటికంటే చలి రాత్రే చూసుకుని చస్తుంది. దీనికి నా దగ్గర లెక్కలేం లేవు, కాలవ మీద ఎవర్నైనా అడిగి చూడండి.

నేనూ మా ఆవిడా ఉండేది గ్రాండ్ యూనియన్ కెనాల్ మీద, లండన్‌కీ మిల్టన్ కీన్స్‌కీ మధ్య తిరుగుతూ ఉంటాం. సొంత మూరింగ్ (బోట్ శాశ్వతంగా కట్టుకునే చోటు) లేదు, కంటిన్యువస్ క్రూజర్ లైసెన్సు, అంటే 14 రోజులకి మించి ఒక్క చోట కట్టి ఉంచకూడదు. మాది ధవళేశ్వరం దగ్గర, కాబట్టి కాలవలూ లాకులూ (నీటిమట్టం పెంచి తగ్గించి పడవని ఎక్కించే, దించే గేట్లు) నాకు కొత్త కాదు, ఆ వైపు వాళ్ళకి నేను వివరించక్కర్లేదు కూడా. ఇక్కడ చాలా కాలవల మీద లాకుల వెడల్పు ఏడడుగులే, అందుకే నారోబోట్ ఆరడుగుల పది అంగుళాలు. అంత సన్నటి ఇనప గొట్టంలో సంసారం. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇప్పటికీ "పడవలో ఉంటున్నారటగా, ఉద్యోగం పోయిందా ఏంటి?" అనే నడుస్తోంది, సమాధానం చెప్పడం మానేశాను.

2022 డిసెంబర్ రెండో వారం ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆదివారం రాత్రి మంచు పడింది. మేం అప్పుడు ట్రింగ్ సమిట్ మీద, బల్బోర్న్ దగ్గర ఉన్నాం. మార్స్‌వర్త్‌లో ఏడు లాకులెక్కితే వచ్చే చోటది, చిల్టర్న్ కొండల్లో, కింద ఊళ్ళ కంటే చలి ఒక మెట్టు ఎక్కువే. కాలవ గడ్డకట్టేసింది. అప్పుడిక కదలడానికి ఉండదు, కదిలితే ఆ ఐసు పలకల అంచులు బోట్ పొట్టకి వేసిన తారు పెయింట్‌ని గీకేస్తాయి, మీ బోట్‌దే కాదు పక్కవాళ్ళవి కూడా, దాంతో గట్టు మీద తిట్లు. బొగ్గులూ డీజిలూ గ్యాసూ అమ్మే ఫ్యూయల్ బోట్ కూడా రాలేకపోయింది. నీళ్ళు పట్టుకునే కుళాయి గడ్డకట్టింది. సోలార్ ప్యానెళ్ళ మీద మంచు, తుడిచినా లాభం లేదు, నాలుగింటికల్లా చీకటి, బాటరీలు ఎప్పుడూ సగమే. పోనీ ఇంజన్ వేసి ఛార్జ్ చేసుకుందామా అంటే రాత్రి 8 నుంచి పొద్దున్న 8 దాకా వేయకూడదని లైసెన్సు రూలు.

సోమవారం రాత్రి తొమ్మిది దాటాక డీజిల్ హీటర్ చచ్చింది. అది వెలగాలంటే ముందు లోపల గ్లో ప్లగ్ ఎర్రగా కాలాలి, ఆ కాసేపు కరెంటు బాగా లాగుతుంది, అప్పుడు బాటరీ వోల్టేజీ పడిపోతే హీటర్ ఆగిపోతుంది, మళ్ళీ మొదలెడుతుంది, మళ్ళీ ఆగుతుంది, ఓపిక అయిపోయాక తనకి తనే తాళం వేసుకుని ఫాల్ట్ కోడ్ చూపిస్తూ కూర్చుంటుంది. ఆ తాళం తీయాలంటే ఏ వైరు పీకాలో మాన్యువల్లో ఉండదు. దాన్ని బిగించిన మెరైన్ ఇంజనీర్‌కి ఫోన్ చేస్తే వాయిస్‌మెయిల్. ఈ మెరైన్ ఇంజనీర్ల గురించి వేరే జవాబు రాయొచ్చు, బిల్లు ఇచ్చేదాకా రోజూ ఫోన్ ఎత్తుతారు, ఆ తర్వాత వాళ్ళ ఫోన్ కూడా గడ్డకడుతుంది.

పొయ్యి ఉందిగా అంటారేమో. ఉంది. కానీ సరిగ్గా ఆ వారమే దాని తలుపు చుట్టూ ఉండే తాడు పాడైపోయింది. ఈ తాడు చూడ్డానికి ఏమీ కాదు, గాజు పీచుతో పేనింది, చిటికెన వేలంత లావు, తలుపు లోపలి గాడిలో అతికించి ఉంటుంది. అది గట్టిగా ఉంటేనే తలుపు మూసినప్పుడు గాలి మనం తెరిచిన చోట నుంచే పోతుంది, మంట మన మాట వింటుంది, రాత్రి తగ్గించి పడుకుంటే పొద్దున్నకి కూడా నిప్పు ఉంటుంది. తాడు అరిగిపోయిందా, సందుల్లోంచి గాలి దూరి బొగ్గంతా భగభగా మండిపోయి రెండింటికల్లా బూడిద. అసలే ఫ్యూయల్ బోట్ లేదు, మిగిలిన బొగ్గు ఒక్క మూట.

మా వెనక బోట్‌లో ఒక పెద్దాయన, డెబ్భై దాటాయి, ఒక్కడే ఉంటాడు. ఆయన పొయ్యి మోర్సో స్క్విరల్, డెన్మార్క్‌ది, ఇనుము మీద ఉడత బొమ్మ పోతపోసి ఉంటుంది, కాలవ మీద చాలా బోట్లలో ఇదే. మా గొట్టంలోంచి నిప్పురవ్వలు లేవడం చూసి ఆయనే వచ్చాడు. తలుపు తీసి చూసి, టార్చి వేసి, ముందు మంట ఆర్పేయ్ అన్నాడు. బయట మైనస్ ఏడో ఎనిమిదో ఉంది, హీటర్ లేదు, ఉన్న ఒక్క మంటా ఆర్పమంటున్నాడు! మా ఆవిడ కోటు వేసుకుని, దాని మీద రజాయి కప్పుకుని, నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

ఆర్పి, నిప్పులన్నీ ఇనప బకెట్లో తీసి గట్టు మీద పెట్టాం. ఆ బకెట్ పొరపాటున కూడా లోపల ఉంచకూడదండి, ఆరినట్టు కనిపించే బూడిద కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, పడుకున్నవాళ్ళు లేవరు. తలుపు చల్లారాక కీళ్ళ మీంచి ఎత్తి తీసి టేబుల్ మీద బోర్లా పెట్టాడు. పాత తాడుని స్క్రూడ్రైవర్‌తో పీకితే ముక్కలు ముక్కలుగా వచ్చింది, గాడిలో గట్టిపడిన పాత గమ్ముని వైరు బ్రష్‌తో గీకుతుంటే నల్ల పొడి మా చపాతీల పీట మీద కూడా పడింది. ఆయన దగ్గర బిస్కెట్ల డబ్బాలో కొత్త తాడు చుట్ట ఉంది. గాడిలో గమ్ము పూసి తాడు పరవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు, లాగొద్దు, లాగితే సన్నబడుతుంది, ఒత్తుతూ పో అన్నాడు. చివర్లు రెండూ ఒకదానికొకటి ఆనేలా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా కోశాం. తలుపు బిగించాక ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి మూసి లాగి చూడమన్నాడు. జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టు. నాలుగు పక్కలా చూశాం, కీళ్ళ వైపు కొంచెం జారింది, అక్కడ తాడుని పైకి లేపి మళ్ళీ ఒత్తాడు, ఈసారి కాగితం చిరిగింది. ఆ గమ్ముని గంటల తరబడి ఆరనివ్వాలని డబ్బా మీద రాసుంటుంది, ఆయన మాత్రం చిన్న మంట వేస్తే అదే ఆరుతుందన్నాడు. వెలిగించే ముందు మా అలారం టెస్ట్ బటన్ నొక్కి అది కూయడం విన్నాకే అగ్గిపెట్టె తీశాడు. కార్బన్ మోనాక్సైడ్ అలారం 2019 ఏప్రిల్ నుంచి బోట్ సేఫ్టీ రూల్స్‌లో తప్పనిసరి, కానీ తప్పనిసరి అని పెట్టుకుని బాటరీ పీకేసినవాళ్ళని కూడా చూశాను.

అర్ధరాత్రి దాటాక బోట్ వెచ్చబడింది. ఉన్న మూటతోనే మర్నాడు రాత్రి దాకా లాగించాం, తర్వాత గట్టు మీద నడిచెళ్ళి బొగ్గు మూటలు తోపుడు బండి మీద తెచ్చుకున్నాం. పెద్దాయన డబ్బులు తీసుకోలేదు. ఆవకాయ సీసా ఇచ్చాం, చీజ్ ముక్కతో తింటున్నాడట. హీటర్ బాగుచేయడానికి మనిషి వచ్చేసరికి సంక్రాంతి వెళ్ళిపోయింది.

ఇక్కడే చెప్తున్నా, చలి కంటే అసలు శత్రువు తడి. ఇది ఎవరూ నమ్మరు. సింగిల్ గ్లాస్ కిటికీలు, ఇనప గోడలు, లోపల మనం పప్పూ అన్నం వండితే వచ్చే ఆవిరి. కేజీ ప్రొపేన్ మండితే కేజీన్నర పైనే నీళ్ళు పుడతాయి, అవన్నీ ఎక్కడికి పోతాయి? కిటికీ ఫ్రేముల మీంచి కారి పరుపు కిందకి పోతాయి. పైగా చల్లగాలి వస్తోందని వెంట్లకి (గాలాడే రంధ్రాలకి) గుడ్డలు కుక్కేస్తారు కొందరు, అది ఇంకా ప్రమాదం. పొయ్యి వెలుగుతుంటే లోపలి తడి గాలిని గొట్టంలోంచి లాగేసుకుంటుంది, బోట్ పొడిగా ఉంటుంది. మా కుక్కర్ దాని మీదే, కందిపప్పు అక్కడే ఉడుకుతుంది, పొయ్యికి కొంచెం దూరంగా ఇడ్లీ పిండి గిన్నె పెడితే జనవరిలో కూడా పొంగుతుంది. లండన్‌లో సెంట్రల్ హీటింగ్ ఫ్లాట్లలో ఉండే మన ఫ్రెండ్స్ పిండి పులియట్లేదని ఓవెన్‌లో లైటు వేసి పెడుతుంటారు పాపం.

గ్యాస్ మాట వచ్చింది కాబట్టి, ఎర్ర సిలిండర్ ప్రొపేన్ తీసుకోండి, నీలం బ్యూటేన్ వద్దు. సున్నా దగ్గరికొస్తే బ్యూటేన్ ఆవిరవ్వదు, సిలిండర్ బరువుగానే ఉంటుంది, గ్యాస్ స్టవ్ మాత్రం వెలగదు. పచ్చి కట్టెలు కాల్చకండి, గొట్టంలో తారు పేరుకుంటుంది, పైకప్పు మీంచి గోధుమ రంగు చారలు కారుతాయి. మామూలు నల్లబొగ్గు అమ్మకం ఇంగ్లండ్‌లో 2023 మే నుంచి పూర్తిగా బంద్, స్మోక్‌లెస్ (పొగ తక్కువొచ్చే) బొగ్గు కొనుక్కోవాలి. డీజిల్ కొనేటప్పుడు ఇంజన్‌కెంత, హీటింగ్‌కెంత అని చెప్పాలి, హీటింగ్ వాటా మీద పన్ను తక్కువ, చాలామంది ఇంజన్‌కి 60 శాతం, హీటింగ్‌కి 40 శాతం అంటారు.

డీజిల్ హీటర్ అసలు వద్దని అనట్లేదు, బయటనుంచి వచ్చినప్పుడు త్వరగా వెచ్చబడాలంటే అదే బాగుంటుంది. తగ్గించి తగ్గించి నడిపితే లోపల మసి పేరుకుంటుంది, నడిపినంత సేపు గట్టిగా నడపండి. దాన్ని నమ్ముకుని మాత్రం పడుకోకండి. యూట్యూబ్‌లో ఉన్ని టోపీలు పెట్టుకుని కాఫీ తాగే జంటల బోట్లో హీటర్ ఎప్పుడూ పాడవదు, వాళ్ళు షూటింగ్ అయ్యాక ఎక్కడికెళ్ళి పడుకుంటారో నాకు అనుమానమే.

రిపేర్ల విషయానికొస్తే, ఇంట్లో అయితే ఓనర్‌కి ఫోన్ చేస్తారు, ఇక్కడ ఓనరు మీరే, పైగా మీ బోట్ ఎక్కడుందో మెకానిక్‌కి చెప్పడానికి అడ్రసే ఉండదు, ఫలానా నంబరు బ్రిడ్జి దగ్గర అని చెప్పాలి, అతను వ్యాను ఎక్కడో ఆపి టూల్స్ మోసుకుంటూ బురదలో నడిచి రావాలి, ఆ నడకకి కూడా మీరే కడతారు. అందుకని తాడు మార్చడం, ఫిల్టర్ మార్చడం, స్టెర్న్ గ్లాండ్‌కి (ప్రొపెల్లర్ కడ్డీ బయటికెళ్ళే చోట నీళ్ళు లోపలికి రాకుండా ఆపేది) గ్రీజు తిప్పడం, ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న ప్లాస్టిక్ సంచులు వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లర్ పైన ఉండే మూత) తీసి అందులోంచి భుజం దాకా చెయ్యి పెట్టి కోసి తీయడం, ఇవి చేతకాకపోయినా నేర్చుకోవాలి. నాకు స్పానర్ పట్టుకోవడం ఇష్టం లేదు అంటే ఫ్లాట్ చూసుకోండి.

చౌకా అని కదా అడిగారు. లైసెన్సు ఫీజు, సొంత మూరింగ్ లేనివాళ్ళకి 2024 ఏప్రిల్ నుంచి దాని మీద అదనంగా సర్‌ఛార్జి, ఇన్సూరెన్సు, నాలుగేళ్ళకోసారి సేఫ్టీ సర్టిఫికెట్, రెండు మూడేళ్ళకోసారి బోట్‌ని నీళ్ళలోంచి తీసి పొట్టకి తారు పెయింట్. మన పని మనమే చేసుకుంటే లండన్ అద్దె కంటే తక్కువే, ప్రతి దానికీ మనిషిని పిలిస్తే కాదు. కొనే ముందు హల్ (బోట్ పొట్ట) సర్వే చేయించండి, సర్వేయర్‌ని మీరే పెట్టుకోండి, అమ్మేవాడు చూపించినవాణ్ణి కాదు. కొత్తగా చేసినప్పుడు రేకు మందం సాధారణంగా అడుగుభాగం 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైన క్యాబిన్ 4 ఉంటుంది, నీళ్ళలో ఉండే భాగం ఎక్కడైనా 4 కంటే తగ్గిందంటే ఇన్సూరెన్సు వాళ్ళు పేచీ పెడతారు, అప్పుడు కింద కొత్త రేకు వెల్డింగ్ అంటే వేలల్లో పౌండ్లు.

ఇంకోటి, జులైలో బోట్ చూడొద్దు. జనవరిలో వెళ్ళండి, మీరొచ్చే ముందు పొయ్యి వెలిగించి ఉంచొద్దని చెప్పండి, మీ ముందే వెలిగించమనండి. అది అంటుకునేలోపు బెడ్‌రూమ్‌లోకి వెళ్ళి పరుపెత్తి కింద చెక్క మీద చెయ్యి పెట్టండి. తడి తగిలితే బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.